బోరు లోపలికి ఎవరు తొంగి చూశారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క విషయం చుట్టే తిరిగాయి. బోరు గురించి రాసినా, డ్యామ్ గురించి రాసినా, సెల్ టవర్, పత్తి విత్తనం, సొరంగం, దేని గురించి రాసినా చివరికి అడిగింది ఒకటే, మనం చేసుకున్న మిషన్లకూ మన నేలకూ పొత్తు కుదురుతుందా అని. అన్నిటికీ జవాబు రాయడానికి ఇక్కడ జాగా చాలదు, ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటి దానికి జవాబు బాగా పొడుగైంది, ఎందుకంటే ఆ రైతన్న రాసింది మా ఇంట్లోనూ జరిగింది.

సార్, మాకు నాలుగెకరాల చెలక. ఇప్పటిదాకా పదకొండు బోర్లు వేశాం, రెండింటిలోనే నీళ్లు పడ్డాయి, అందులో ఒకటి పోయిన ఎండాకాలం ఆగిపోయింది. రెండెకరాలు యాసంగి వరి పెట్టాలని ఇంకో బోరు వేద్దామనుకుంటున్నాం. ఈసారి 900 ఫీట్లు దింపుదామని బోరు బండి అతను అంటున్నాడు. మా బామ్మర్ది మిషన్ పెట్టి పాయింట్ చూపించే మనిషిని తెస్తానంటాడు, మా నాయిన కొబ్బరికాయ పట్టి చూసే ఆయననే నమ్ముతాడు. ఎవరిని నమ్మాలి? అప్పు ఇప్పటికే నాలుగు లక్షలు దాటింది, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక రైతు, మునుగోడు మండలం

అన్నా, ముందు ఆ బోరు బండిని ఆపండి. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే అది పోయినా సరే, ఆపండి.

కొబ్బరికాయ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, అది నీళ్లను చూపించదు. మీ నాయిన నమ్మకాన్ని నొప్పించాలని కాదు, కానీ పదకొండు బోర్లలో తొమ్మిది ఫెయిలయ్యాక ఆ మాట ఇంట్లో ఎవరో ఒకరు అనాలి. మిషన్ కొంత మేలు. అది భూమిలోకి కొద్దిగా కరెంటు పంపి, లోపలి రాయి దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తుంది. పగుళ్లుండి అందులో నీళ్లుంటే అడ్డు తగ్గుతుంది. బాగా నేర్చిన మనిషి చూస్తే రాయి ఎక్కడ పగిలి ఉందో చెప్పగలడు. కానీ ఆ పగులులో నీళ్లు ఎన్నాళ్లు వస్తాయో, మీ పక్క పొలాల వాళ్లు ఎంత లాగుతున్నారో ఆ మిషన్ చెప్పలేదు, మీకు కావలసింది అదే.

మనది గ్రానైట్ నేల. పైన కొన్ని మీటర్ల మందం మెత్తబడ్డ మొరం పొర, దాని కింద పగుళ్లున్న రాయి, ఇంకా కిందికి పోతే పగుళ్లు లేని గట్టి బండ. నీళ్లు ప్రధానంగా నిలిచేది పై రెండిట్లో. 900 ఫీట్లకు పోయేది బండలోకే, అక్కడ అదృష్టం బాగుండి ఒక పగులు తగిలినా అందులో ఉండేది ఎప్పటినుంచో నిలిచిన నీళ్లు, అవి అయిపోతే మళ్లీ తొందరగా నిండవు. పైగా రాయిని ఎంత కాలం అంటిపెట్టుకొని ఉంటే నీటిలో పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ అంత ఎక్కువ కరుగుతుంది. మీ వైపు ఆ బాధ ఏమిటో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు ఒక లెక్క, కాగితం పెన్ను తీసుకొని మీరే వేయండి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడిందనుకుంటే 28 లక్షల లీటర్ల పైచిలుకు. అందులో ఆవిరయ్యేది, వాగులో పోయేది, చెట్టూ చేనూ తాగేది తీసేస్తే మన రాతి నేలల్లో లోపలికి దిగేది సుమారుగా పదో వంతు, అంటే ఎకరానికి 2 లక్షల 80 వేల లీటర్లు. యాసంగి వరికి ఎకరానికి ఎంత లేదన్నా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలి, అది 48 లక్షల లీటర్లు. అంటే ఒక్క ఎకరం వరి పదిహేడు ఎకరాల్లో ఇంకిన వాన తాగుతుంది. మడిలో పెట్టిన నీళ్లలో సగం మళ్లీ కిందికే ఇంకుతాయనుకున్నా ఎనిమిదిన్నర ఎకరాలది. మీరు పెట్టాలనుకునేది రెండెకరాల వరి, మీకున్నది నాలుగెకరాలు. మిగతా నీళ్లు ఎవరివి? పక్క పొలం వాళ్లవి. వాళ్లూ ఇదే లెక్కతో మీ నీళ్లు లాగుతున్నారు. ఊళ్లో అందరూ ఒకరి కింద నుంచి ఒకరు తోడుకుంటుంటే 900 ఫీట్లు కాదు, 1,500 ఫీట్లు పోయినా ఏం మారుతుంది?

మా తాతకు మోట బావి ఉండేది. నాకు బాగా గుర్తున్నది ఆ బావి గట్టు మీద రాయి, తాడు రాసుకొని రాసుకొని అందులో వేలు దూరేంత గాడి పడింది. పొద్దున ఎడ్లను కట్టే ముందు తాత వంగి బావిలోకి తొంగి చూసేవాడు. లోపలికి రాతి మెట్లుండేవి, ఏ మెట్టు దాకా నీళ్లున్నాయో చూసి, ఈ పూట ఎన్ని మడులు పారుతాయో అక్కడే చెప్పేవాడు. కింది నుంచి మూడో మెట్టు తేలిందంటే మోట విప్పేసి ఎడ్లను తోలుకొని వచ్చేసేవాడు, ఇంకా మడి మిగిలి ఉన్నా సరే. బొక్కెనలో బురద వస్తే ఎడ్లకూ బరువు, తోలు తొండానికీ చేటు. అప్పట్లో ఆ పని నరకం, ఎడ్లకూ మనిషికీ ఒళ్లు హూనమయ్యేది, ఆ రోజులే బంగారం అని నేను అనను. కానీ రోజూ నీళ్లను కంటితో చూసేవాళ్లు.

మా నాయిన బోరు వేశాక ఆ చూడటం పోయింది. ఆరున్నర అంగుళాల పొక్క, మీద ఇనుప మూత, పక్కన స్టార్టర్ డబ్బా. నీళ్లు ఎక్కడి దాకా దిగిపోయాయో మాకు తెలిసేది మోటారు కాలినప్పుడే. మూడుసార్లు కాలింది, మూడుసార్లూ మోటారుదే తప్పనుకొని వైండింగ్ చేయించి మళ్లీ దింపాం. నాలుగోసారికి బత్తాయి తోట ఎండింది. అరవై చెట్లు, కాపుకొచ్చి నాలుగేళ్లే అయింది. మా అమ్మ ఒక్కో చెట్టు దగ్గర బిందెతో నీళ్లు పోసింది, ఆ ఎండాకాలం మొత్తం.

అందుకే చెప్తున్నాను, మళ్లీ చూడటం మొదలుపెట్టండి. మీ ఫెయిలైన బోర్లలో, ఇప్పుడు నడుస్తున్న బోరుకు దగ్గరగా ఉన్నదాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. గట్టి సన్న తాడుకు చిన్న ఇనుప ముక్క కట్టి దింపండి, ఎక్కడ తడిసిందో చూసి కొలవండి. పదిహేను రోజులకొకసారి, మోటారు నడవని పూట, గోడ మీద రాయండి. ఇది నేను కొత్తగా చెప్పేది కాదు, 2000 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో, అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి, రైతులే వానను కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, పంట వేసే ముందు ఊరంతా కూర్చొని నీళ్ల బడ్జెట్ వేసుకున్నారు. బడి అంతగా చదవని ఆడవాళ్లు కూడా ఆ కొలతలు తీశారు. ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని ఆపలేదు, లెక్క గోడ మీద కనపడితే చాలా మంది తామే తగ్గించుకున్నారు.

2018 జనవరి 1 నుంచి మనకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అర్ధరాత్రి టార్చ్ పట్టుకొని పొలానికి పోయి పాము కాటుకు, షాక్‌కు చచ్చిపోయిన రోజులు చూసిన వాళ్లకు దాని విలువ తెలుసు. కానీ మీ స్టార్టర్‌కు ఆటోమేటిక్ డబ్బా ఉంటే ఈ రోజే తీసేయండి. కరెంటు ఉన్నంతసేపూ అది లాగుతూనే ఉంటుంది, బోరుకు ఊట కూడే టైమ్ ఇవ్వదు.

ఈ యాసంగికి ఒక అర ఎకరం తిండికి వరి పెట్టుకోండి, మిగతాది పల్లి గానీ జొన్న గానీ వేయండి. పల్లికి వరికి పెట్టే నీళ్లలో సగం కూడా అక్కర్లేదు. బోరుకు పెట్టే డబ్బులో కొంచెం తీసి, వాన నీళ్లు పారే దారిలో ఉన్న ఒక ఎండిపోయిన బోరు చుట్టూ గుంత తవ్వించి, కేసింగ్ పైపుకు బెజ్జాలు పెట్టి జాలీ చుట్టి, కింద పెద్ద రాళ్లు, మీద కంకర, ఆ పైన ఇసుక నింపండి. మందు కొట్టిన చేలో నుంచి వచ్చే నీళ్లు మాత్రం అందులోకి పోనివ్వొద్దు.

ఇంకో మాట. మీరు రాసిన దాని ప్రకారం మీ పొలంలో నీళ్లు లేని పొక్కలు పది ఉన్నాయి. వాటికి మూతలున్నాయా? గోనె సంచి కప్పి రాయి పెట్టడం మూత కాదు. ఫెయిలైన బోరును మట్టితో పూడ్చాలని, వాడే దానికి బోల్టు బిగించిన మూత వేయాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, చిన్నపిల్లలు పడి చనిపోయాకనే చెప్పింది. కొలతకు ఒకటి, ఇంకుడు గుంతకు ఒకటి ఉంచుకొని వాటికి గట్టి మూత పెట్టండి. మిగతావి ఈ వారమే పూడ్చండి. ఈ జవాబులో మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

నమస్తే సార్. మాకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, తాగడానికి అవే పట్టుకుంటాం. వంటకు, చాయ్‌కి బోరు నీళ్లే. మా పెద్దోడి పళ్ల మీద గోధుమ రంగు చారలు వచ్చాయి. నీళ్లు బాగా మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా? ఇంట్లో ఆర్‌ఓ మిషన్ పెట్టుకోవాలా? మా అత్తమ్మ అంటుంది, వాళ్ల చిన్నప్పుడు కాళ్లు ఇంత వంకర పోయినవాళ్లు లేరట, సాగర్ కట్టినాకనే వచ్చిందట. అది నిజమేనా?
– ఒక గృహిణి, మర్రిగూడ మండలం

చెల్లెమ్మా, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అంతే ఉంటుంది, అంటే ఇంకా చిక్కబడుతుంది. వంట నీళ్లూ తాగే నీళ్లే అనుకోండి, అన్నం ఉడికేటప్పుడు ఆ నీళ్లన్నీ మెతుకులోకే పోతాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా, అది మన దేశ ప్రమాణం. నల్లా వచ్చిన రోజు రెండు బిందెలు ఎక్కువ పట్టి వంటకూ అవే వాడండి. బోరు నీళ్లు బట్టలకు, బాసండ్లకు చాలు. పిల్లల్లో ఎనిమిదేళ్ల లోపు వాళ్లుంటే వాళ్ల విషయంలో అసలు రాజీ వద్దు, శాశ్వత పళ్లు లోపల తయారయ్యేది ఆ వయసులోనే. పెద్దోడి పళ్ల చారలు ఇక పోవు, కానీ ఎముకలకు పట్టకుండా ఇప్పుడైనా ఆపవచ్చు.

ఆర్‌ఓ మిషన్ ఫ్లోరైడ్‌ను తీస్తుంది, నిజమే. అయితే ఇళ్లలో పెట్టుకునేవి ఒక లీటరు మంచి నీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతాయి, తీసిన ఫ్లోరైడ్ అంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. మనం దాన్ని పెరట్లో పారబోస్తాం. అది మళ్లీ ఎక్కడికి పోతుంది చెప్పండి. కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్నప్పుడు వాటిని సరిగ్గా నిల్వ చేసుకోవడమే మీకు సులువు. మన జిల్లా పేరు మీద ఒక పద్ధతే ఉంది, నల్లగొండ టెక్నిక్ అని, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెడితే ఫ్లోరైడ్ మడ్డిలా అడుగుకు దిగుతుంది, పైన తేట నీళ్లు వంచుకోవాలి. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. ఇంట్లో రోజూ కొలత తప్పకుండా చేయడం కష్టం, ఆ మడ్డిని ఎక్కడ పారేయాలన్నది ఇంకో కష్టం.

చింతపండు మానొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పిల్లలకు రోజూ కొద్దిగా చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. ఇది మందు కాదు, నీళ్లు మార్చకుండా చారు తాగితే సరిపోతుందని అనుకోవద్దు. పాలు, ఆకుకూరలు కూడా పెట్టండి.

మీ అత్తమ్మ మాటకు వస్తాను, ఆమె గమనించింది పూర్తిగా తప్పు కాదు. ఫ్లోరైడ్ ఈ నేలలో ముందు నుంచే ఉంది, సాగర్ పునాదిరాయి పడిన 1955 డిసెంబరు కంటే ముందే, 1940ల్లోనే, మన జిల్లాలో ఈ జబ్బు గురించి డాక్టర్లు రాశారు. అయితే 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత కొన్నేళ్లకు, 1970ల్లో, అదే పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన పల్లెల్లో ఒక కొత్త రకం చూశారు. కుర్రవాళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు లోపలికి వంగిపోవడం. వాళ్లు ఇచ్చిన వివరణ ఇది. రిజర్వాయర్ వల్ల, కాలువల వల్ల భూమిలో నీటిమట్టం పైకి వచ్చింది, దాంతో నేల గుణం మారింది, ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం అనే ధాతువు పెరిగింది, అది ఒంట్లోని రాగిని మూత్రంలో పోగొట్టింది, అసలే ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఇంకా బలహీనపడింది. పూటపూటకూ జొన్న రొట్టె, జొన్న గట్కా తప్ప వేరే తిండి లేని పేదిళ్ల పిల్లలకే ఎక్కువగా వచ్చింది.

నేను దీన్ని మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. ఎక్కడో నదికి అడ్డంగా గోడ కడితే, మైళ్ల దూరంలో ఒక పిల్లవాడి మోకాలు వంగిందంటే, మధ్యలో ఎన్ని మెట్లున్నాయో చూడండి, నీరు, మట్టి, గింజ, రక్తం, ఎముక. సాగర్ కట్టడం తప్పని ఎవరనగలరు, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు లక్షల ఎకరాలు పండుతున్నాయి. కానీ కట్టేటప్పుడు ఆ పల్లెల్లో మట్టినీ తిండినీ ఏటేటా పరీక్షించే మనుషులను కూడా పెట్టి ఉంటే, ఆ పిల్లలు కొందరైనా నిటారుగా నడిచేవాళ్లు. మీ అత్తమ్మకు చెప్పండి, ఆమె కళ్లు సరిగ్గానే చూశాయని.

మా ఊళ్లో టవర్ వేసినప్పటి నుంచి పిచ్చుకలు లేవు. రేడియేషనే కారణమా?
– ఒక టీచర్, దేవరకొండ

టవర్లే కారణమని గట్టిగా చెప్పే రుజువు లేదండి. టవర్ వచ్చిన రోజుల్లోనే ఊళ్లో ఇంకేం మారిందో గుర్తు చేసుకోండి. పెంకుటిళ్లు పోయి స్లాబులు వచ్చాయి, చూరులో, దూలం సందులో గూడు పెట్టుకునే పిట్టకు నున్నటి సిమెంటు గోడ మీద చోటేది? పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ పిల్లలకు పెట్టేది చిన్న పురుగులను, మనం పెరటి మొక్కకు కూడా మందు కొడుతున్నాం. వాకిట్లో వడ్లు దంచి చెరగడం లేదు, మిల్లుకే పోతున్నాయి. మీ బడి వరండాలో ఈసారి వరి కోతలప్పుడు నాలుగు కంకులు కుచ్చులా అల్లి వేలాడదీయండి, పక్కన ఒక కుండకు బెజ్జం పెట్టి కట్టండి. పిల్లలతోనే కట్టించండి.

అన్నా, బీటీ పత్తి వేస్తే పురుగు రాదన్నారు. ఇప్పుడు ప్రతి కాయలో గులాబీ రంగు పురుగే. విత్తనం కల్తీదా, మమ్మల్ని మోసం చేశారా?
– ఒక యువ రైతు, కల్వకుర్తి

తమ్ముడూ, కల్తీ విత్తనాలూ ఉన్నాయి, కాదనను. కానీ అసలు విత్తనం వేసిన వాళ్లకూ ఇదే బాధ ఉంది. బీటీ పత్తికి, అంటే పురుగును చంపే గుణాన్ని ఒక బ్యాక్టీరియా నుంచి తీసి చేర్చిన పత్తికి, మన దేశంలో 2002లో అనుమతి ఇచ్చారు, రెండు జన్యువులున్న రెండో రకం 2006లో వచ్చింది. పదేళ్లు కూడా తిరగకముందే గులాబీ పురుగు రెండిటికీ తట్టుకోవడం నేర్చుకుంది.

ఒక సంగతి గుర్తుందేమో చూడు, అప్పుడు నువ్వు చిన్నవాడివై ఉంటావు. 450 గ్రాముల బీటీ విత్తనం డబ్బాలో ఇంకో చిన్న ప్యాకెట్ ఉండేది, 120 గ్రాములది, అందులో బీటీ కాని మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ వాటిని వేయమని ఇచ్చేవాళ్లు. మా వైపు ఎవరూ వేయలేదు. దుక్కి రోజుల్లో గెట్ల మీద ఆ చిన్న ప్యాకెట్లు విప్పకుండానే పడి ఉండేవి, వానకు తడిసి కొన్ని అక్కడే మొలకెత్తేవి. పురుగు తినే చెట్టును ఎవరైనా కావాలని పెంచుతారా అని మేమూ పారేశాం. అది ఎందుకో అమ్మేటప్పుడు మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. విషయం ఏమిటంటే, ఎక్కడో ఒక పురుగు బీటీ తిని కూడా బతుకుతుంది. పక్కన మామూలు పత్తి ఉంటే అక్కడ పెరిగిన మామూలు రెక్కల పురుగులు ఎక్కువగా ఉండి దానితో జతకడతాయి, పిల్లల్లో ఆ మొండితనం పలుచబడుతుంది. మామూలు పత్తి లేకపోతే మొండిది మొండిదానితోనే కలుస్తుంది. గులాబీ పురుగుకు పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు, కాబట్టి చేను చుట్టూ వేసే ఆ మామూలు పత్తి సాళ్లు చాలా ముఖ్యం. పురుగుకు కొంత వదిలిపెడితేనే పనిచేసే విత్తనం అది, మేము మొత్తం మనకే కావాలనుకున్నాం.

ఇప్పుడు చేయగలిగింది చెప్తాను. పూత దశ నుంచే ఎకరానికి నాలుగైదు లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసన పెట్టి మగ పురుగులను పట్టేవి, పెట్టు, ఒక్కో బుట్టలో వరుసగా మూడు రోజులు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే అప్పుడే మందు గురించి ఆలోచించు. విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలను ఏరి నాశనం చెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, డిసెంబరు దాటాక చేను ఉంచకు. సంక్రాంతి తర్వాత కూడా తడి పెట్టి ఇంకో రెండు క్వింటాళ్లు తీద్దామనుకుంటాం చూడు, ఆ రెండు క్వింటాళ్లే వచ్చే ఏడు పురుగును మేపుతాయి. కట్టెను పొలం గట్టున కుప్ప వేయకుండా రోటావేటర్‌తో ముక్కలు చేసి నేలలో కలిపెయ్యి.

సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగంలో ప్రమాదం జరిగినప్పటి నుంచి మా క్లాసులో ఒకటే చర్చ. ఇంత పెద్ద మిషన్లు ఉండి కూడా కొండలో ఏముందో ముందే తెలుసుకోలేరా? అసలు ప్రకృతి జోలికి పోకుండా ఉంటేనే మంచిదేమో అనిపిస్తోంది.
– ఒక విద్యార్థిని, అచ్చంపేట

అమ్మా, 2025 ఫిబ్రవరి 22 పొద్దున దోమలపెంట దగ్గర ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తేవడానికి దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, అందులో సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు విరిగి, బురద, నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. వాళ్లంతా వేరే రాష్ట్రాల నుంచి పనికి వచ్చిన వాళ్లు, మన పాలమూరు కూలీలు తరతరాలుగా ఊరు కాని ఊళ్లకు పోయి డ్యాములు కట్టినట్టే వాళ్లూ వచ్చారు. ఆ మాట అనుకుంటేనే గుండె పట్టేస్తుంది.

మామూలుగా పొడుగాటి సొరంగానికి మధ్యమధ్యలో పక్క దారులు తవ్వుకుంటూ పోతారు, ఎక్కడికక్కడ రాయి ఎలా ఉందో తెలుస్తుంది. ఇక్కడ పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అడవి. అడవిని కెలకకూడదని మధ్యలో దారులు లేకుండా రెండు చివర్ల నుంచే మిషన్లతో తొలిచారు. అంటే అడవిని కాపాడాలనే మంచి ఉద్దేశమే లోపలి పనిని మరింత కష్టం చేసింది. మిషన్ ముందు భాగం రాయికి ఆనుకొని ఉంటుంది, దాని వెనక ఉన్నవాళ్లకు ముందు రాయి కనపడదు. ముందుగా సన్నగా తొలిచి చూసే పద్ధతులున్నాయి, వాటికి టైమ్, డబ్బు కావాలి. ఊట పెరిగిందనీ రాయి వదులైందనీ అక్కడ పనిచేసే కూలీకి ముందు తెలుస్తుంది, అతని మాట విని పని ఆపే ఏర్పాటు ఉండాలి.

తర్వాత వెతకడానికి రాడార్లు తెచ్చారు, రోబోలు తెచ్చారు, ఎలుక బొరియల్లా చేత్తో తవ్వే గని కార్మికులు వచ్చారు. కేరళ పోలీసుల కుక్కలను కూడా లోపలికి తీసుకుపోయారు. పదమూడు కిలోమీటర్లకు పైగా చీకట్లో పోయి, ఆ బురద మీద వాసన పట్టి, అవి ఆగిన చోట తవ్వారు. మొదటి మనిషి దొరికింది అలాగే.

ప్రకృతి జోలికి పోకూడదంటారా, మర్రిగూడ చెల్లెమ్మ బిందెలో ఉన్న నీళ్లు కూడా కృష్ణ నుంచి మోటార్లు ఎత్తిపోసినవే. అవి లేకపోతే ఆమె పిల్లల ఎముకలు ఏమయ్యేవి? మీరు చదువు అయ్యాక భూగర్భ శాస్త్రం వైపు పోవడం గురించి ఆలోచించండి. మీ నల్లమల రాయిని చూసి, తట్టి, ఇక్కడ ఆపండి అని చెప్పగలిగిన మనుషులు అచ్చంపేట నుంచే రావాలని నా కోరిక.

పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించారని మా తాత చెప్పాడు. చెట్టుకు జ్వరం వస్తుందా?
– ఆరో తరగతి, మహబూబ్‌నగర్

బిడ్డా, మీ తాత నిజమే చెప్పాడు. ఆ మర్రి వయసు ఏడు వందల ఏళ్లంటారు, మూడెకరాల మేర పరుచుకొని ఉంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది, చూస్తే లోపలంతా చెదలు తినేసి ఉంది. ముందు బెజ్జాల్లో మందు పోస్తే నిలవకుండా కారిపోయింది. అప్పుడు ఆస్పత్రిలో కట్టినట్టే సీసాలు కట్టి, నీళ్లలో కలిపిన చెదల మందును చుక్క చుక్కగా కొమ్మల్లోకి ఎక్కించారు. వందల సీసాలు, చెట్టంతా వేలాడుతూ ఉండేవి. పడిపోయేలా ఉన్న కొమ్మలకు కింద ఆసరా కట్టారు. చెట్టుకు జ్వరం రాదు గానీ దాని పద్ధతిలో అది జబ్బు పడుతుంది.

చెదలు ఒక్కటే కారణం కాదు. మనలాంటి వాళ్లం చూడ్డానికి పోయి కొమ్మలెక్కాం, ఊడలు పట్టుకొని ఊగాం, కింద నేలను తొక్కి గట్టి చేశాం. ఊడ అంటే కొమ్మ నుంచి కిందికి దిగే వేరు, అది నేలను తాకి లోపలికి పోతే కొన్నేళ్లకు ఇంకో మొద్దు అయి కొమ్మను మోస్తుంది. మనం ఊగిన ఊడ నేల దాకా రాదు. ఈసారి తాతతో పోయినప్పుడు సన్నటి ఊడ ఒకటి ఎంచుకొని, చేత్తో ముట్టుకోకుండా, నేలకు ఇంకా ఎన్ని జానలుందో కంటితో అంచనా వేసి నోట్‌బుక్‌లో తారీఖుతో రాసుకో. వచ్చే ఏడు మళ్లీ పోయి చూసి నాకు ఉత్తరం రాయి.